ఆఖరున ఎక్కే మనిషి

యూరప్ చూడాలన్న కోరిక మా ఆయనది, నాది కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మా చుట్టాల్లో కొందరు ఇప్పటికీ "ఆమె పట్టువడితే పాపం ఆయన తిప్పుకొచ్చిండు" అని చెప్పుకుంటారు. నేను పట్టుబట్టింది వేరే దానికి.

మా ఆయన కొత్తగూడెంలో బొగ్గు బాయిలో సర్దార్‌గా చేశాడు. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. సర్దార్ అంటే తన కింది మనుషులను లోపలికి తీసుకుపోయి, పని చేయించి, షిఫ్టు అయ్యాక ఒక్కొక్కరినీ లెక్కపెట్టి బయటికి పంపేవాడు. అందరూ వెళ్ళాక ఆఖరున తను రావాలి. ముప్పై ఏళ్ళు అదే పని చేసిన మనిషి ఇంటికొచ్చి వేరేలా ఎలా ఉంటాడు! పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు మా వాళ్ళందరినీ వేలెత్తి లెక్కపెట్టి, ఆఖరున బస్సెక్కేవాడు. సినిమాకు పోయినా అంతే, వచ్చినా అంతే. "అందరొచ్చిండ్రా?" అన్నది ఆయన నోట్లో నానే మాట. ఇంట్లో ఇద్దరమే అన్నానికి కూర్చున్న రోజుల్లో కూడా ఒక్కోసారి అలవాటుగా ఆ మాటే అనేవాడు. నాకు నవ్వొచ్చేది, ఒక్కోసారి ఒళ్ళు మండేది.

యూరప్ సంగతికొస్తాను. చాలా ఏళ్ళ కిందట వాళ్ళ బాయిలోకి పెద్ద యంత్రం ఒకటి వచ్చింది. దాన్ని బిగించడానికి తెల్ల ఇంజనీర్లు కొందరు వచ్చి కొన్నాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒకాయన మా ఆయన చేతి గడియారం మీద వేలు పెట్టి, తమ ఊళ్ళో జూన్ నెలలో రాత్రి పదింటికి గానీ చీకటి పడదు అని చెప్పాడట. ఆ రోజు ఇంటికొచ్చి, బొగ్గు మొహం కడుక్కోకుండానే నాకు చెప్పాడు.

"పదింటిదాక ఎలుగుంటే కోళ్ళను గంప కింద ఎప్పుడు కమ్ముతరంట?" అన్నాను నేను.

ఆయన నవ్వలేదు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు కూడా. మరిచిపోయాడనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక ఆయన రిటైరయ్యాడు. పిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయి ఎవరి కాపురాలు వాళ్ళవి. కంపెనీ క్వార్టర్ కొన్ని నెలల్లో ఖాళీ చేయాలి. అప్పుడు మొదలైంది మా ఇద్దరికీ. నాకు మా ఊరు పోవాలని. జూలూరుపాడు దాటి అడవి వైపు తిరిగితే వస్తుంది మా ఊరు. మా నాయన నాకిచ్చిన కొంచెం చేను, రెండు గదుల పెంకుటిల్లు, ఇంటి వెనక వాగు. ముప్పై ఏళ్ళు బొగ్గు దుమ్ములో బట్టలారేసి, సైరన్ మోగితే గుండె పట్టుకుని కూర్చున్నదాన్ని. ఇక చాలనిపించింది. ఆయనేమో కొత్తగూడెంలోనే బజారు దగ్గర కిరాయి ఇల్లు చూశాడు.

"ఊర్ల ఏమున్నదే? ఈడ బస్సులుంటయ్, దవాఖానా ఉంటది."

"ఊర్ల నేనుంట."

"నాకు పడదు."

"నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోత."

"పో. ఎవలు ఆపిండ్రు?"

అంత మాట అన్నాక ఏం మాట్లాడతాం? వంట చేసేదాన్ని, తినేవాడు. ఒకరోజు హైదరాబాద్ పోయి టూరు కంపెనీ వాళ్ళ కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. బొమ్మలు బొమ్మలుగా ఉంది, ఓ చోట ఇనుప గోపురం, ఓ చోట మంచు కొండ, ఓ చోట పడవ. "జూన్‌ల పోదం. పోయొచ్చినంక తేల్చుకుందం" అన్నాడు. వచ్చాక ఎవరి దారి వాళ్ళదేనని నేను మనసులో అనుకునే సంతకం పెట్టాను. ఆయన ఏమనుకున్నాడో నాకు తెలియదు.

మా గుంపులో నలభై మంది దాకా ఉన్నారు. చాలామంది హైదరాబాద్ వాళ్ళు. టూరు మేనేజర్ యాభై దాటిన మనిషి, ఇలాంటి గుంపులను ఎన్నో తిప్పి విసిగిపోయినట్టుండేవాడు. లండన్‌లో దిగిన మర్నాటి నుంచే మా తగవులు మొదలయ్యాయి. ఆయన మొదటి షిఫ్టుకు లేచినట్టు నాలుగింటికి లేచి, హోటల్ గదిలో లైట్లన్నీ వేసి, సూట్‌కేసు తాళం టకటకలాడించేవాడు. నేను దుప్పటి కప్పుకుని తిట్టేదాన్ని. స్నానాల గదిలో చెంబు లేదని నేను గొణిగితే, వెంట తెచ్చుకున్న పాత బాయి డబ్బాలోంచి ప్లాస్టిక్ మగ్గు తీసి గొప్పగా చూపించాడు. అప్పుడు మటుకు నవ్వాను. తిండి దగ్గర మళ్ళీ పేచీ. ఉప్పూకారం లేని ఉడికిన బంగాళదుంపలు నాకు గొంతు దిగేవి కావు. ఆయన కావాలని ప్లేటు నాకేసినంత పని చేసి, "మస్తుగున్నయ్" అనేవాడు. నన్ను ఉడికించడానికే అని నాకు తెలుసు. సంచిలో కారప్పొడి సీసా ఉంది, ఒక్కసారి కూడా ఆయనకు ఇవ్వలేదు.

చీర కింద బూట్లు వేసుకుని నడవడం ఇంకో శిక్ష. బస్సులో కిటికీ సీటు కోసం మరో తగవు. ఆయనకే కావాలి కిటికీ. చిన్నపిల్లాడిలా అద్దానికి మొహం ఆనించి ఎండ చూస్తూ కూర్చునేవాడు. బయట ఏముందయ్యా అంటే, "ఏం లేదు, ఎండ" అనేవాడు.

అన్నిటికన్నా పెద్ద తంటా లెక్క. బస్సెక్కే ప్రతిసారీ మా ఆయన తలుపు దగ్గర నిలబడి వేలెత్తి అందరినీ లెక్కపెట్టేవాడు. మేనేజర్‌కు తిక్కరేగింది.

"సార్, కౌంటింగ్ నా డ్యూటీ. మీరు టూరిస్టు. కూర్చోండి."

"మీది మీరు చెయ్యిండ్రి. నాది నేను చేస్త."

నాకు సిగ్గేసింది. వెనక సీట్లో హైదరాబాద్ ఆవిడ ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండు రోజుల తర్వాత ఒక దుకాణాల వీధిలో మేనేజర్ లెక్క సరిపోయిందన్నాడు, మా ఆయన ఒకరు తక్కువన్నాడు. డ్రైవర్ బండి కదిలించబోతే మెట్ల మీద నిలబడి తలుపు వేయనివ్వలేదు. చూస్తే ఆ నవ్వినావిడే లేదు. దుకాణంలో బాత్రూముకు పోయి దారి తప్పింది. ఆమె ఏడుపు మొహంతో పరుగెత్తుకొచ్చి ఎక్కాక, ఆయన ఆఖరున ఎక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ రోజు నుంచి మేనేజర్ కూడా ఆయన తలూపితే గానీ బండి తీయనిచ్చేవాడు కాదు. నాకు చాలా గర్వమనిపించింది. పైకి మాత్రం, "ఇగ కిటికీ సీటు నాకియ్యి" అన్నాను. ఇవ్వలేదు.

పారిస్ చేరేసరికి నా కాళ్ళు వాచిపోయాయి. గదిలో పడగానే నిద్రపట్టేసింది. ఎవరో భుజం కుదుపుతుంటే కళ్ళు తెరిచాను. మా ఆయన గడియారం నా కళ్ళ ముందు పెట్టాడు.

"తొమ్మిదీ యాభై. ఇంక ఎలుగున్నది. లేచి రా, చూద్దువు."

"రేపు చూస్తలే. రేపు రాదా ఏంది పొద్దు?"

తలుపు మెల్లగా వేసి ఒక్కడే కిందికి పోయాడు. పొద్దున టిఫిను దగ్గర నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఎన్నో ఏళ్ళ కిందట నేను కోళ్ళ మాట అన్నప్పటి మొహమే ఇప్పుడూ కనిపించింది. కానీ రాజీపడాలనిపించలేదు. ఊరి సంగతి అలాగే ఉంది కదా.

తర్వాత జరిగింది చెప్పాలంటే ముందు రెండు ముక్కలు చెప్పాలి.

మా పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి బాయిలో బండ కూలి దారి మూసుకుపోయింది. ఆయన, ఆయన మనుషులు లోపల ఉండిపోయారు. సైరన్ విని నేను చెప్పులు కూడా లేకుండా గేటు దాకా పరుగెత్తి, అక్కడే నిలబడ్డాను. దేవుడి దయవల్ల ఒక్కరికీ ఏమీ కాలేదు. అందరూ వచ్చాక ఆఖరున వచ్చాడు ఆయన. ఇంటికొచ్చాక భయపడ్డావా అని అడిగితే ఒకటే చెప్పాడు. "దీపం ఆరిపోతే కదలొద్దే. ఉన్నకాడనే కూసోని పైపు కొట్టాలె. ఎతికేటోళ్ళకు చప్పుడు ఇనవడాలె. మొహం మీద ఎలుగు పడేదాక ఆపొద్దు." అది వాళ్ళ నియమం.

మా ఊళ్ళో నియమం వేరు. చిన్నప్పుడు ఇప్పపూలు ఏరడానికో, తునికాకు కోయడానికో అడవిలోకి పోయేవాళ్ళం. దారి తప్పితే ఏం చేయాలో మా నాయనమ్మ నేర్పింది. ఒక్కచోట కూర్చోవద్దు. నీళ్ళు వెతుక్కో. నీళ్ళు ఎటు పారితే అటు నడువు. పశువులు నీళ్ళు తాగే రేవు దగ్గర ఆగు. ఎవరైనా అక్కడికి రాక తప్పదు. నేను ఒకసారి తప్పిపోయి అలాగే ఇల్లు చేరాను కూడా. మా అడవిలో అదే సరైన పని.

పారిస్‌లో ఆ రోజు మా బస్సు డ్రైవర్‌కు సెలవు. మేనేజర్ మమ్మల్ని భూమి కింద రైల్లో తిప్పాడు. సాయంత్రం ఇనుప గోపురం కింద పడవ షికారు ఉంది. మెట్లు దిగుతుంటేనే మా ఆయన మొహంలో మార్పు చూశాను. గోడలు, పైకప్పు, గాలి వచ్చే దారి అన్నీ చూసుకుంటూ నడిచాడు. పొద్దున్నే ఒక పెద్ద స్టేషన్‌లో రైలు మారాల్సి వచ్చింది. ఎన్ని సొరంగాలో, ఎన్ని మలుపులో! రైలు రాగానే అందరం ఎగబడి ఎక్కాం. ఆయన ప్లాట్‌ఫాం మీద నిలబడి లెక్కపెడుతున్నాడు. నేను చేయి చాపి, "ఎక్కవయ్యా!" అన్నాను. తలుపులు వాటంతట అవే మూసుకుపోయాయి. అద్దం అవతల మా ఆయన, గాల్లో వేలు అలాగే ఎత్తి ఉంది. నలభై మందిని ఎక్కించి తను మిగిలిపోయాడు.

పెట్టె ఆ చివర నుంచి మేనేజర్ "ఎవరూ దిగొద్దు, ఎవరూ దిగొద్దు" అని అరుస్తున్నాడు. నేను తర్వాతి స్టేషన్‌లో దిగేశాను. ఆయన తర్వాతి రైల్లో వస్తాడనుకున్నాను. ఒక రైలు వచ్చింది. ఇంకొకటి వచ్చింది. తలుపులు తెరుచుకున్న ప్రతిసారీ పరుగెత్తి చూశాను. ఆయన రాలేదు. వెనక్కి పోదామని మెట్లెక్కి దిగి, మెట్లెక్కి దిగి, ఆఖరికి రోడ్డు మీద తేలాను. భాష రాదు. హోటల్ కార్డులు రెండూ నా సంచిలోనే ఉన్నాయి. ఆయన దగ్గర ఏమీ లేదు. 

వీధి చివర నీళ్ళు కనిపించాయి. కాళ్ళు వాటంతట అవే అటు నడిచాయి. ఏటి ఒడ్డుకు చేరి నీళ్ళు ఎటు పారుతున్నాయో చూశాను. దూరంగా ఇనుప గోపురం కనబడుతోంది, అదీ అటే. పడవ దగ్గరకు ఎవరైనా వస్తారు, ఆయనా వస్తాడు అనుకుని ఒడ్డు వెంట నడిచాను. బూట్లు కరుస్తుంటే విప్పి చేత్తో పట్టుకున్నాను. మొదట కోపంతో నడిచాను. ఒక్క అడుగు వేసి రైలెక్కితే ఏం పోయేది అని తిట్టుకున్నాను. కాసేపయ్యాక కోపం పోయింది. ఊళ్ళో ఒక్కదాన్నే ఉంటానని అంత గట్టిగా అన్నాను కదా, ఒక్కదాన్నే ఉండటమంటే ఇదే అనిపించింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నడిచాను. ఎవరూ పట్టించుకోలేదు.

పడవల రేవు దగ్గర మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. సాయంత్రానికి మా గుంపు వచ్చింది. వెనక సీటావిడ నన్ను చూసి పరుగెత్తుకొచ్చి కావలించుకుంది. నేను ఆమె భుజం మీంచి గుంపంతా వెతికాను. మా ఆయన లేడు.

"నేను అప్పుడే వెనక్కి పోయి టికెట్ల దగ్గర చూసొచ్చాను మేడమ్, లేరు" అన్నాడు మేనేజర్. "హోటల్‌కి వెళ్ళిపోయుంటారు."

"కార్డులు నా తాన్నే ఉన్నయ్. ఆయన ఏడికీ పోడు. ఎక్కడ ఇడిసిపెట్టినమో అక్కడే ఉంటడు."

"ఇంతసేపా? అంతసేపు ఎవరైనా ఒకేచోట ఉంటారా?"

"ఉంటడు. పదండి పోదం."

గుంపును పడవ ఎక్కించి, మేనేజర్ నాతో వచ్చాడు. పెద్ద స్టేషన్‌లో దిగేసరికి మేనేజర్‌కే తికమకగా ఉంది. ఏ ప్లాట్‌ఫామో సరిగా గుర్తులేదన్నాడు. జనం ఏరులా పోతున్నారు. మలుపు దగ్గర నిలబడి ఎటా అని చూస్తుంటే నాకు చప్పుడు వినిపించింది. ఇనుము మీద ఇనుము. మూడు దెబ్బలు, కొంచెం ఆగి మళ్ళీ మూడు. ఆ చప్పుడు నేను ముప్పై ఏళ్ళుగా ఎరుగుదును. రెండో షిఫ్టు నుంచి వచ్చి మా ఆయన క్వార్టర్ గేటు కొట్టేది అలాగే. రైలొస్తే మునిగిపోయేది, పోగానే మళ్ళీ వినబడేది. మేనేజర్ ఏదో చెబుతున్నాడు, నేను వినకుండా చప్పుడు వెంట పోయాను.

బెంచీ మీద కూర్చుని ఉన్నాడు మా ఆయన. పక్కన ఇంకొకరు కూర్చోకుండా నీళ్ళ సీసా పెట్టి జాగా ఆపాడు. క్వార్టర్ తాళంచెవి పెట్టి బెంచీ ఇనుప కోడు కొడుతున్నాడు. వచ్చేపోయేవాళ్ళు ఎడంగా జరిగి నడుస్తున్నారు, పిచ్చివాడనుకున్నట్టున్నారు. నేను దూరం నుంచే పిలిచాను. తలెత్తి చూశాడు, చేయి ఆపలేదు. దగ్గరకు పోయి ఎదురుగా నిలబడ్డాక ఆపాడు.

"అందరొచ్చిండ్రా?" అన్నాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "అందరి సంగతి నీకెందుకయ్యా! నేనొచ్చిన. నీళ్ళెంబడి నడిచి నడిచి కాళ్ళు బొబ్బలెక్కి నేనొచ్చిన. నువ్వు నా కోసం ఒక్క అడుగన్న ఎయ్యలే. ఎతకలే."

"ఇద్దరం కదిలితే ఎవలకు ఎవలు దొరుకుతరే?"

"నేను రాకపోతే?"

"రాకెందుకుంటవ్? కొడుతనే ఉన్న గద." అని నా ఉత్త కాళ్ళ వంక చూశాడు. ఇంకేదో అనబోయి, "సరే గని, ముందు నేను ఒంటికి పోవాలె. పొద్దటిసంది లేవలే" అన్నాడు. మేనేజర్ ఫక్కున నవ్వాడు. నేనూ నవ్వాను, ఏడుపూ వచ్చింది. కాళ్ళు పట్టేసి ఆయన లేవలేకపోతే రెక్క పట్టుకుని లేపాను.

పడవ పోయింది. ఇద్దరం హోటల్ ముందు గట్టు మీద కూర్చున్నాం. నా కాళ్ళకు తడి తువ్వాలు చుట్టాడు. ఎనిమిదైంది, తొమ్మిదైంది, ఎండ ఎదుటి మేడల మీద అలాగే ఉంది. ఆయన మొహం ఆ వెలుగులో చూస్తుంటే కడుపు నిండా తిన్నవాడి మొహంలా ఉంది.

"మొదటి షిఫ్టుల చీకట్ల లేచి దిగేటోన్ని. రాత్రి షిఫ్టయితే పగలు కిటికీలు మూసి పండేటోన్ని. నా బతుకుల సగం ఎలుగు నేను చూడనే లేదే" అన్నాడు. "మీ ఊర్ల పొద్దుగూకంగనే కరెంటు పోతది. చుట్టూ అడివి. చీకటంటే ఆడ నిజంగ చీకటి. చీకటి చూసుడు నాకిగ చాలు."

ఊరు పడదన్నది అందుకట. బస్సులూ దవాఖానా అని అన్నాడే గానీ ఈ మాట చెప్పలేదు. ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి నేను అడగనూ లేదు. నాకు బాధేసింది. అయినా మా వాగు, మా చేను వదులుకుంటానని అనలేకపోయాను. గడియారం పది చూపించింది. వెలుగు మెల్లగా పోయింది. ఇద్దరం లేచి లోపలికి పోయాం.

ఆ తర్వాత మిగిలిన దేశాలన్నీ తిరిగాం. ఒక అడవిలో చెట్లు వరసల్లో నిలబెట్టినట్టున్నాయి, ఇదేం అడవి, మా అడవి చూడాలి అన్నాను. మంచు కొండ మీద ఆయన కాలు జారి పడితే నవ్వి, రెండు పూటలు ఆయన అలక భరించాను. కారప్పొడి సీసా బయటికి తీశాను, బంగాళదుంపలు మస్తుగ లేవని ఆయన ఒప్పుకున్నాడు. అయినా "ఎతకలే" అన్న మాట నా లోపల ముల్లులా ఉండిపోయింది. రోమ్‌లో రాళ్ళ మెట్ల మీద కూర్చుని మళ్ళీ అదే ఎత్తాను. ఆయన మళ్ళీ అదే చెప్పాడు. ఊరి సంగతి ఇద్దరం ఎత్తలేదు.

సికింద్రాబాద్ నుంచి రైల్లో వచ్చి భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగాం. కొత్తగూడెం స్టేషన్‌కు ఆ పేరే. పెట్టెలో వాళ్ళందరినీ దిగనిచ్చి ఆఖరున దిగాడు. నేను ప్లాట్‌ఫాం మీద నిలబడి ఆయన కాలు కింద పెట్టేదాకా చూశాను.

కొద్ది రోజులకే క్వార్టర్ ఖాళీ చేసే రోజు వచ్చింది. సామాను వేసే ట్రాలీ ఆటో మాట్లాడాం. ఇనుప మంచం, బీరువా, వంటసామాను అన్నీ ఎక్కించాం. తాళంచెవి ఆఫీసులో ఇచ్చేసి వచ్చాడు. కిరాయి ఇంటి వాళ్ళు అప్పటికే రెండుసార్లు కబురు పెట్టారు. ట్రాలీ డ్రైవర్ ఇంజన్ ఆన్ చేసి, "ఎటు పోవాలె?" అన్నాడు.

నేను ఏం చెప్పేదాన్నో నాకిప్పటికీ తెలియదు. నోరు తెరిచే లోపల మా ఆయన మా ఊరి పేరు చెప్పాడు.

"అదేంది, నీకు పడదన్నవ్ గద?" అన్నాను.

"నేను కూసున్న కాడికి నువ్వొచ్చినవ్. ఇగ నీళ్ళ కాడికి నేను రావాలె గద" అని ట్రాలీ వెనక సామాను మధ్య ఎక్కి కూర్చున్నాడు. జూలూరుపాడు దాటేదాకా నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడుస్తానని నాకు తెలుసు.

ఊరు చేరగానే నేను చేసిన మొదటి పని మేస్త్రీని పిలవడం. తూర్పు గోడకు, పడమటి గోడకు పెద్ద కిటికీలు పెట్టించాను. ఇంటిని సంత చేశావని మా వాళ్ళు వెక్కిరించారు. లాంతర్లు రెండు కొని, గుడ్డతో తుడిచి, కిరసనాయిలు పోసి వసారాలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచాను. పగలంతా ఆయన కిటికీ నుంచి కిటికీకి ఎండ వెంట కుర్చీ జరుపుకుంటూ కూర్చునేవాడు. చూసి చూసి నాకు అలవాటైపోయింది.

మరుసటి ఏడాది తొలకరికి ఒక సాయంత్రం వాన పట్టింది. నేను ఇంటి వెనక గేదెను పాకలోకి కడుతున్నాను. కరెంటు పోయింది. మబ్బుకు తోడు పొద్దుగూకింది, చేయి చాపితే చేయి కనబడటం లేదు. వాన చప్పుడు, వాగు చప్పుడు. వాటి మధ్య నుంచి ముందు వైపు వసారాలో ఇనుప మంచం కోడు మీద స్టీలు గ్లాసు చప్పుడు మొదలైంది. మూడు దెబ్బలు, కొంచెం ఆగి మళ్ళీ మూడు.

"వస్తున్నా!" అని అరిచాను. చప్పుడు ఆగలేదు.

గేదెను అలాగే వదిలేసి, గోడ పట్టుకుని వసారా చేరి, తడుముకుని లాంతరు వెలిగించాను. మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. లాంతరు ఆయన మొహం దగ్గరకు తెచ్చాక గ్లాసు కింద పెట్టాడు.

"అందరొచ్చిండ్రా?" అన్నాడు.

ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

"అవ్, అందరొచ్చిండ్రు" అని పక్కన కూర్చున్నాను.